ఎండ్రకాయకు వేసిన నూనె

మా చెల్లెలు మైపాడు పోయే రోడ్డు మీద టిఫిన్ అంగడి నడుపుతుంది. ఇంటి ముందు వసారాలోనే పొయ్యి, పెనం, కస్టమర్లు కూర్చునే ప్లాస్టిక్ స్టూళ్లు. వెనక హాలు, వంటిల్లు. మేడ మీద ఒక గది ఉంది. పేపరాఫీసులో ఉద్యోగం అయిపోయాక నెల్లూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆ గదిలోకి వచ్చాను. ఇప్పటికీ ఏదో ఒకటి రాసి పంపుతుంటాను. మిగతా పొద్దంతా కింద కూర్చుని, కారం దోసె తినేవాళ్ల మాటలు వింటుంటాను. ఆ అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు.

చెల్లెలి కూతురు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది. తెల్లారకముందే నెల్లూరు చేరి కంపెనీ బస్సు ఎక్కితే, దీపాలు పెట్టాక ఇల్లు చేరుతుంది. భర్త గూడూరు నుంచి నిమ్మకాయల లారీ తోలతాడు. ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. వీళ్లకొక పాప. కాన్పుకని తీసుకున్న సెలవు, దాని మీద జీతం లేకుండా పెంచుకున్న సెలవు, అన్నీ అయిపోవస్తున్నాయి. పాపకు మాత్రం ఇంకా నడక రాలేదు. మంచం పట్టుకుని నిలబడుతుంది, వేలు అందిస్తే నడుస్తుంది, వేలు వదిలితే కూలబడి పాకుతుంది. ఆ పాకడంలో ఉన్న వేగం చూస్తే నడవాల్సిన అవసరం దానికి కనపడలేదని నాకు అనిపించేది.

కాని అవసరం వాళ్లమ్మకు ఉంది. పొయ్యి మీద నూనె కాగుతుండే చోట పాకే పిల్లను పెట్టుకుని అంగడి నడపడం కుదరదు. చర్చి వెనక వీధిలో ఒకావిడ ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటుంది. మా మేనకోడలు పోయి అడిగితే ఆవిడ ఉన్న మాట చెప్పింది. "నడిచే పిలకాయలయితే తోలకరామ్మా. ఎత్తుకోని తిరగాలంటే నా నడుము ఒప్పుకోదు. నడవనీ, ఆ రోజే తీసుకుంటా."

మేనకోడలు వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు మా చెల్లెలు దోసె తిప్పుతూ అంది. "ఎదురింటోళ్ల అటక మీద మూడు చక్రాల బండి ఉండాది. మా పిల్లలందరూ దాన్నే తోసుకుంటా నడిచినారు. అడిగి దించుకొస్తా."

"ఆ మోటు బండి ఎందుకు? నేనొకటి చేస్తా" అన్నాను.

"నువ్వు ఏం చేస్తావు అన్నా? మేకు కొట్టడం నీకు యాడొచ్చు?"

నిజమే, రాదు. కాని ఆ మాట అనేటప్పటికే నా తలలో బొమ్మ తయారై ఉంది. పొద్దున్నే ఎండ్రకాయల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె అంగడి ముందు దించేది. తట్ట దిగీ దిగకముందే పాప అక్కడికి పాక్కుంటూ పోయేది. ఎండ్రకాయ కాలు కదిలిస్తే తను చేయి కదిలించేది. దాని కళ్లు పైకి లేస్తే తను నోరు తెరిచేది. ఇంట్లో ఏ బొమ్మనూ పాప అంతసేపు చూడగా నేను చూడలేదు. తాడు పట్టి లాగితే కాళ్లాడించుకుంటూ వెంట వచ్చే ఎండ్రకాయ ఉంటే, దాన్ని నడిపించడానికైనా లేచి నడుస్తుందని లెక్క వేసుకున్నాను.

పాత కిటికీ తలుపు చెక్క ఒకటి దొరికింది. దాన్ని అడ్డంగా కోలగా కోయించాను. సైకిల్ షాపులో పారేసిన స్పోకులు తెచ్చి ఇరుసులు చేశాను. ఇరుసు తిన్నగా ఉంటే చక్రం తిరుగుతుంది, ఇంకేమీ జరగదు. కాళ్లు ఆడాలంటే దాన్ని మధ్యలో మెట్టులాగా వంచాలి. ఆ వంపుకు కాలు తగిలిస్తే ఇరుసు తిరిగినప్పుడల్లా కాలు లేచి పడుతుంది. మొదట వంపులన్నీ ఒకే వైపుకి వంచాను. లాగితే కాళ్లన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే పడ్డాయి.

"వేడినీళ్లలో వేసినప్పుడు ఇట్టాగే చేస్తాది" అన్నాడు దోసె తింటున్న రొయ్యల గుంట కాపలాదారు.

మైపాడు పోయి ఇసకలో కూర్చుని ఎర్ర ఎండ్రకాయల్ని చూశాను. ఒక కాలు నేల పట్టుకుని ఉండగా దాని పక్కది లేస్తుంది. ఇంటికొచ్చి ఇంకో స్పోకు తీసుకుని ఒక వంపు పైకి, దాని పక్కది కిందికి వచ్చేట్టు వంచాను. చాలా స్పోకులు విరిగాయి. పెద్ద కొండికి వేరే ఏర్పాటు చేశాను. నడిమధ్యన కాకుండా కొంచెం పక్కకి రంధ్రం పెట్టిన చెక్క బిళ్లను ఇరుసుకు గుచ్చితే, అది తిరుగుతూ కొండిని మెల్లగా ఎత్తి టక్కున వదిలేస్తుంది. చక్రాలు నున్నటి బండల మీద జారుతుంటే, తెగిన హవాయి చెప్పు కోసి వాటి చుట్టూ అంటించాను. చివరగా తాడు. అందరూ తలకు కడతారు. ఎండ్రకాయ పక్కకి నడుస్తుంది కాబట్టి నేను పక్కన కట్టాను.

అది నడిచిన మొదటిసారి నేను హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు చాలాసార్లు లాక్కుంటూ తిరిగాను. తిరగలేదంటే అబద్ధం. మా చెల్లెలు గుమ్మంలో నిలబడి, "ముందు నువ్వు నడవడం నేర్చుకో అన్నా, తరవాత పాపకిద్దువులే" అంది.

ఒక లోపం మాత్రం ఉంది. స్పోకు చెక్కలో బిగుసుకుని తిరిగేది. లాగితే బరువుగా వచ్చేది, పైగా కీచుమని మూలిగేది.

పాప మంచం పట్టుకుని నిలబడి ఉండగా తాడు చేతికిచ్చాను. లాగింది. ఎండ్రకాయ కాలు ఎత్తింది. పాప ఇంకా లాగింది, అది ఇంకా ఎత్తింది. అప్పుడు పాప మంచాన్ని వదిలేసింది. తాడు రెండు చేతులతో పట్టుకుని, మెడ వెనక్కి తిప్పి దాన్నే చూస్తూ, ఒక అడుగు, ఇంకొక అడుగు, అట్లా వాకిలి దాకా పోయింది. నేను కేక పెడితే చెల్లెలు గరిటె చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మేడ మీద బట్టలు ఆరేస్తున్న మేనకోడలు దిగొచ్చింది. పాప మళ్లీ నడిచింది.

"నడిచిందా మామా? పట్టుకోకుండానే?"

"నడిచింది" అన్నాను.

పేపరాఫీసు డెస్కులో ఉన్నన్నాళ్లూ ఇంకోచోట అడిగి ఖాయం చేసుకోనిదే వార్త వేయనిచ్చేవాణ్ని కాదు. దానికి కుర్రాళ్లు నన్ను తిట్టుకునేవాళ్లు. ఇక్కడ నేను చూసింది తాడు పట్టుకున్న పిల్లను. తాడు లేకుండా నడిపించి చూద్దామన్న ఆలోచనే నాకు రాలేదు. మేనకోడలు ఆ సాయంత్రమే చర్చి వెనక వీధికి పోయి చెప్పొచ్చింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి సోమవారం డ్యూటీలో చేరతానంది. చెల్లెలు బియ్యం నానబోసింది.

పిల్లలు అడుగులు వేస్తే మా వైపు అరిసెలు చేస్తారు. కొత్త గుడ్డ మీద వాటిని పరిచి, పాప చేత వాటి మీదుగా నడిపించి, ఆ తరవాత వీధిలో పిల్లలకు పంచుతారు. బెల్లం పాకం కాగుతున్న వాసనకే వచ్చేవాళ్లంతా అడగడం మొదలుపెట్టారు. చెల్లెలు అందరికీ చెప్పింది. "మా అన్న చేసిన ఎండ్రకాయను పట్టుకోని నడిచింది." నన్ను పిలిచి మరీ ఎండ్రకాయను చూపించమంది. నేను లాగి చూపిస్తుంటే కాపలాదారు మళ్లీ అందుకున్నాడు.

"బాగానే ఉండాది గాని, ఏడస్తా ఉండాదేంది సార్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైకి పోయి, రేపు ఇంతమంది ముందు ఇది మూలగకూడదు అనుకున్నాను. కుట్టుమిషను నూనె తెచ్చి ప్రతి రంధ్రంలో చుక్కలు వేశాను. లాగి చూస్తే వెన్న మీద జారినట్టు వచ్చింది. కాళ్లు అంత అందంగా ఆడడం అదే మొదలు.

మర్నాడు హాలు నిండా జనం. ఎర్ర గుడ్డ మీద అరిసెలు పరిచి, మిగిలినవి పక్కనే పళ్లెంలో పెట్టారు. ఒక చివర పాపను నిలబెట్టి చేతికి తాడిచ్చారు. పాప ఎప్పటిలాగే తాడును బిగబట్టి, దాని మీద బరువు మోపి, ముందుకు ఒరిగి అడుగు వేసింది. తాడు బిగుసుకోలేదు. ఎండ్రకాయ చప్పుడు లేకుండా వచ్చేసింది. పాప మొహం పళ్లెం అంచుకు కొట్టుకుంది.

పడే ముందు ఒక క్షణం ఉంది. ఆ క్షణంలో నేను పాపను చూడడం లేదు. కొండి టక్కుమని సరిగ్గా పడుతుందా లేదా అని చూస్తున్నాను.

పెదవి చిట్లింది. పెద్ద దెబ్బేమీ కాదు. కాని రక్తం అరిసెల మీద పడింది. పాప ఏడుపు ఆపలేదు. చెల్లెలు దాన్ని ఎత్తుకుని వంటింట్లోకి పోయి ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీసి పొయ్యిలో వేసింది. "చూడండి, ఘాటే రాలేదు. ఎంత దిష్టి తగిలిందో పిల్లకి" అంది. వచ్చినవాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా పళ్లెంలోని అరిసెలు తీసుకుని పోయారు. చేసినవి చేసినట్టు పంచక తప్పదు కదా.

అందరూ పోయాక చెప్పాను. "దిష్టి కాదమ్మా. నేను నిన్న దానికి నూనె వేశాను. అది బరువుగా వచ్చేది కాబట్టే పాప దాన్ని పట్టుకుని నిలబడింది. ఇప్పుడది తేలికైపోయింది."

చెల్లెలు నా వైపు విచిత్రంగా చూసింది. "నూనె వేస్తే పిల్ల పడతాదా? గమ్మునుండు అన్నా. పిలకాయలు పడరా?"

"మామ తప్పేముంది అందులో?" అంది మేనకోడలు.

తప్పంటే పడేవాణ్ని. లేదనేసరికి ఆ బరువు ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. పాప మొదట్నుంచీ నడవలేదు, ఒరిగింది. వేలికి బదులు తాడు దొరికింది, అంతే. నడక రాని పిల్లకు వెనక ఆడుతూ వచ్చే బొమ్మ ఇస్తే మెడ వెనక్కి తిప్పి నడవాలి. ఇంత చూడడం వచ్చినవాణ్ని, ఈ మాత్రం చూడలేకపోయాను.

పాప మళ్లీ పాకడం మొదలుపెట్టింది. మంచం పట్టుకుని నిలబడడం కూడా మానేసింది. ఎండ్రకాయను తెస్తే మొహం వాళ్లమ్మ భుజంలో దాచుకునేది. నేను ఇరుసులు ఊడదీసి, కిరసనాయిలుతో తుడిచి, సబ్బుతో కడిగి, ఎండబెట్టాను. రంధ్రాల్లో గుడ్డ పీలికలు కూరాను. చెక్క తాగిన నూనె చెక్కలోనే ఉంది. చేత్తో ముట్టుకుంటే జిడ్డు తగులుతూనే ఉంది. చివరికి ఎదురింటివాళ్ల మూడు చక్రాల బండి దించుకొచ్చారు. పాప చేయి వేసింది, చక్రం కదిలింది, చేయి తీసేసింది. ముట్టుకుంటే జారిపోయే వస్తువేదీ దానికి వద్దు. ఆ భయం నేనిచ్చిందే.

పిల్లల్ని చూసుకునే ఆవిడ ఆదివారం ప్రార్థన అయ్యాక ఇటే వచ్చింది. పాప బల్ల కిందికి పాక్కుంటూ పోవడం చూసి చెల్లెలితో అంది. "ఏమనుకోవద్దు. అరిసెలు నేను కూడా తిన్నా. కాని పాప నడవడం లేదు గదా."

యూనిఫాం ఇస్త్రీ చేసి హాల్లో కొక్కేనికి వేలాడదీసి ఉంది. మేనకోడలు దాని కిందే కూర్చుని ఫోన్ చూస్తోంది. సెలవు ఇంకా పెంచమని అడిగితే కుదరదన్నారు. చేరతానని తనే చెప్పింది కదా.

"నేను చూసుకుంటాలే" అన్నాను.

"నువ్వా?" అంది. "పేపర్ ముందుంటే పక్కన ఇల్లు కాలినా నీకు తెలవదు మామా."

"పేపర్ చదవను."

"స్నానం, అన్నం, నిద్ర... అన్నీ నీ వల్ల అవతాయా?"

"మీ అమ్మ ఉంది గదా, అరిచి చెప్పడానికి."

ఆమె ఒప్పుకోవాలని ఒప్పుకోలేదు. వేరే దారి లేక ఒప్పుకుంది. సోమవారం చీకటితోనే నిద్రపోతున్న పాప పక్కనుంచి లేచి పోయింది. ఆమె ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా నేను వసారాలో నిలబడ్డాను. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే పోలేననుకుందేమో.

అప్పటినుంచి నా పొద్దు మారిపోయింది. అంగడికి, హాలుకు మధ్య గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టి, ఇవతల పాపతో నేను కూర్చునేవాణ్ని. వేలు అందించేవాణ్ని. నడుం వంచి హాలంతా తిరిగితే పాప నవ్వేది. వేలు వదిలితే కూర్చునేది. కాపలాదారు దోసె తింటూ బల్ల మీదుగా తొంగి చూసేవాడు. "తిన్న అరిసెలు కూడా అరిగిపాయ, పాప ఇంకా పాకతానే ఉండాదే సార్. మళ్లా చేయించండి, ఈసారి రెండు ఎక్కువ తింటా." నేను పాపకు మళ్లీ వేలు అందించేవాణ్ని.

ఒక రోజు మధ్యాహ్నం అంగడి కట్టేశాక చెల్లెలు కడిగిన స్టూళ్లను హాల్లోకి తెచ్చి పెట్టింది. పాప పాక్కుంటూ పోయి ఒక ఎర్ర స్టూలు కాలు పట్టుకుని లేచింది. రెండు చేతులూ దాని మీద వేసింది. స్టూలు కదల్లేదు. ఇంకొంచెం తోసింది. బండ మీద చెవులు చిల్లులు పడేలా కీచుమంటూ జానెడు జరిగి ఆగింది. పాప కూడా ఆగింది. తను తోస్తేనే అది పోతుంది, తను ఆగితే ఆగుతుంది. తోసింది, అడుగేసింది. తోసింది, అడుగేసింది. గోడ దాకా పోయి, స్టూలును అక్కడ వదిలేసి, ఇటు తిరిగింది. చేతులు గాలిలో పెట్టుకుని, ఏదీ పట్టుకోకుండా, నా దాకా నడిచొచ్చింది.

ఆ కీచు చప్పుడు ఎక్కడో విన్నట్టే ఉంది. నూనె వేయక ముందు నా ఎండ్రకాయ కూడా అట్లాగే ఏడ్చేది.

చెల్లెలు వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కేక వేయబోయాను. నోటి దాకా వచ్చింది కాని వేయలేదు. వేస్తే ఆ సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. బస్సు దిగి ఆటో ఎక్కిన అమ్మాయికి, తన పిల్ల నడిచిందని ముందుగా ఆటోవాడు చెప్తాడు. ఈసారి ఈ వార్త నాది కాదు అనుకున్నాను. పాపను ఎత్తుకుని మేడ మీదికి పోయాను. ఆ తరవాతి రోజుల్లో స్టూళ్లను వసారాలోనే ఉంచమని చెల్లెలికి చెప్పాను. పాప మేడ మీద నా గదిలో నడిచేది. కింద ఎత్తుకునే తిరిగాను. అది దిగుతానని కాళ్లు తన్నినప్పుడు, నడక రాదని భయపడుతున్న తల్లి ఇంట్లోనే ఆ నడకను దాచిపెట్టానని మనసు చిన్నబోయేది. అది చేసిన తప్పుకు పరిహారమో, ఇంకొక తప్పో అప్పటికి నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆదివారం మేనకోడలు ఇంట్లో ఉంది. తలంటుకుని హాల్లో కూర్చుంది. నేను ఎర్ర స్టూలు తెచ్చి పాపకు అందేంత దూరంలో పెట్టి, పేపర్ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కీచుమని చప్పుడు మొదలైంది. తరవాత ఆగింది. తరవాత మేనకోడలి గొంతు.

"అమ్మా. ఇట్రా అమ్మా."

పేపర్ దించాను. పాప వాళ్లమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి ఉంది. మేనకోడలు నేల మీదికి జారి దాన్ని కావలించుకుంది. చెల్లెలు చేతులకు అంటిన పిండితోనే వచ్చింది. ఏమైందంటే ఏమైందని అడిగి, ఏడ్చి, మళ్లీ నడిపించమంది. పాప తిరిగి నడిచింది. ఎవరూ అరిసెల మాట ఎత్తలేదు.

"ఓ" అన్నాను నేను. అంతకంటే బాగా ఆశ్చర్యపోవడం నాకు రాలేదు.

మేనకోడలు తల ఎత్తి నన్ను చూసింది. పాప స్టూలు వదిలి నడిచిన తీరులో మొదటిసారి నడిచేవాళ్ల తడబాటు లేదు. పడకుండా ఎట్లా తిరగాలో దానికి ముందే తెలుసు. తల్లికి అది కనపడదా? పిల్ల తలలో మొహం పెట్టుకుంది.

సోమవారం చీకట్లో ఆటో వచ్చింది. ఈసారి పాప కూడా లేచింది. పొద్దెక్కాక నేను దాన్ని నడిపించుకుంటూ చర్చి వెనక వీధిలో దించిరావాలి. మేనకోడలు సంచి భుజానికి తగిలించుకుని, పాపను నా చేతికిచ్చి, నా మొహం చూడకుండా అంది.

"ఇంకేమన్నా కొత్తగా చేస్తే దాచిపెట్టొద్దు మామా. అప్పటికప్పుడే ఫోన్ చెయ్యి."

"చేస్తాలే అమ్మా" అన్నాను.

ఆటో కదిలింది. ఫ్యాక్టరీ లోపలికి పోయేముందు ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టించుకుంటారని ఆమే ఒకసారి నాకు చెప్పింది. పాప నా చంక దిగుతానని కాళ్లు తన్నింది. దించాను.